హంద్రీ దాటి వచ్చిన నగరం

స్వర్ణోత్సవ సంచికకు కైరుప్పల గురించి రాయమన్నారు. నేను కల్లూరు గురించి రాస్తున్నాను. మన పల్లెల నుంచి కర్నూలు చేరి ఇల్లు కట్టుకున్నవాళ్లలో నాలాగే చాలామందికి ఆ ఊరి పొలాలే ఇళ్లస్థలాలయ్యాయి.

తుంగభద్ర, హంద్రీ కలిసేచోట కర్నూలు ఉంది. హంద్రీకి ఈవల కల్లూరు వేరే ఊరుగా ఉండేది. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. 1956లో రాజధాని హైదరాబాదుకు పోయినా జిల్లా ఆఫీసులు, పెద్దాసుపత్రి ఇక్కడే ఉన్నాయి. కొలువుకు, వైద్యానికి, పిల్లల చదువుకు జనం వస్తూనే ఉన్నారు. పాతపట్నంలో జాగా చాలక నగరం ఏరు దాటింది. కల్లూరు దగ్గర ఎస్టేటు, ఆపైన కాలనీలు వెలిశాయి. కర్నూలు 1994లో కార్పొరేషన్ అయింది. నేడు కల్లూరు అందులో భాగం.

కాగితాల్లో మాత్రం ఊరు పూర్తిగా కలవలేదు. కల్లూరు పేరుతో మండలం ఉంది. 2008 పునర్విభజన ప్రకారం మేము పాణ్యం నియోజకవర్గ ఓటర్లం. మా పార్లమెంటు స్థానం నంద్యాల. 2022లో పాణ్యం నంద్యాల జిల్లాకు వెళ్లింది, మేము కర్నూలు జిల్లాలోనే ఉన్నాం. నీళ్ల పన్ను కర్నూలుకు, ఓటు పాణ్యానికి!

ఊరు ఇంకా బతికే ఉందని నాకు తెలిసింది ఉగాదికి. చౌడేశ్వరీదేవి గుడి చుట్టూ బురద చేసి, అందులో గాడిదలను, ఎద్దులబండ్లను తిప్పుతారు. మొదటిసారి చూసి నవ్వాను. మరుక్షణం సిగ్గేసింది. వీరభద్రస్వామి, కాళికాదేవి పెళ్లి తగవు పేరుతో ఉగాది మరునాడు పిడకలతో కొట్టుకునే ఊరివాణ్ణి, నేనా నవ్వేది? ఆ గుంపులో నిలబడితే సొంతూళ్లో ఉన్నట్టే అనిపించింది.

కైరుప్పలను ఏ నగరమూ మింగలేదు. వానలు లేని ఏడు సుగ్గికి పోయే జనంతో అది ఖాళీ అవుతోంది. కల్లూరు జనం పెరిగి మరుగున పడితే, మన ఊరు జనం తగ్గి మరుగున పడుతుందేమోనని నా భయం. పిడకల సమరానికి ఏటా ఊరు నిండుతుంది, నిజమే. మిగతా రోజుల సంగతి? మన బడి పాత హాజరుపట్టీల్లో ఎవరింటి పిల్లలు ఎప్పుడు చదివారో ఉంటుంది. చెదలు పట్టకముందే వాటిని భద్రపరచమని సంఘానికి నా మనవి. ఊరి చరిత్రకు అంతకంటే మంచి ఆధారం మన చేతిలో లేదు.