భాగం 11: సామాజిక వెబ్ అనువర్తనాలు - అంకుర సంస్థలు (1999-2014)

విషయక్రమం

11.0 లక్ష్యాలు
11.1 పరిచయం
11.2 నేపథ్యం: చదివే వెబ్, రాసే వెబ్
11.3 పక్క పనిగా పుట్టిన అనువర్తనాలు
11.4 నిర్మాణ వ్యయం తగ్గడం
11.5 జనం పెరిగినప్పుడు
11.6 అమ్మకాలు, మూసివేతలు
11.7 ఆర్కుట్, తెలుగు వికీపీడియా: ఒక పోలిక
11.8 సారాంశం
11.9 కీలక పదాలు
11.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

11.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:

1. సామాజిక వెబ్ అనువర్తనాలు ఏ పరిస్థితుల్లో పుట్టాయో వివరించగలుగుతారు.
2. 2004-2006 మధ్య అంకుర సంస్థలు పెరగడానికి కారణాలు చెప్పగలుగుతారు.
3. కొన్ని అనువర్తనాలు నిలవడానికి, కొన్ని పడిపోవడానికి గల కారణాలను పోల్చగలుగుతారు.
4. అనువర్తనం మూతపడినప్పుడు వినియోగదారుల రాతలు, ఫొటోలు ఏమవుతాయో ఉదాహరణలతో చర్చించగలుగుతారు.

11.1 పరిచయం

ముద్రణ, రేడియో, టెలివిజన్‌లు వ్యాపించిన తీరును గత భాగాల్లో చదివారు. వాటిలో చెప్పేవారు కొద్దిమంది, వినేవారు లక్షలమంది. ఈ భాగంలో మీరు చదవబోయే మాధ్యమంలో చెప్పేవారూ వినేవారూ ఒకరే. ఫొటోలు పెట్టేది, వ్యాఖ్యలు రాసేది, స్నేహితులను పిలుచుకొచ్చేది వినియోగదారులే. కంపెనీ సమకూర్చేది చోటు, దాన్ని నడిపే ప్రోగ్రాములు మాత్రమే. ఇలాంటివాటిని సామాజిక వెబ్ అనువర్తనాలు అంటారు. వీటిలో చాలావాటిని తయారుచేసినవి పెద్ద కంపెనీలు కావు. ఇద్దరు ముగ్గురు వెబ్ డెవలపర్లు కలిసి పెట్టిన అంకుర సంస్థలు, అంటే స్టార్టప్‌లు.

ఈ చరిత్రను సాధారణంగా విజేతల కథగా చెబుతారు. ఎవరు ఎన్ని కోట్ల డాలర్లు సంపాదించారన్నదే అందులో ముందుకు వస్తుంది. చరిత్ర విద్యార్థిగా మీరు మరో ప్రశ్న వేసుకోవాలి: మూతపడిన అనువర్తనాల్లో జనం దాచుకొన్నవి ఏమయ్యాయి? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే ఒక విషయం తేలుతుంది. ఈ కాలంలో అనువర్తనాన్ని కట్టడం చౌకైంది. దాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టడం చౌక కాలేదు. ఈ రెండింటి మధ్య తేడా ఎవరి మీద పడిందో చూడటమే ఈ భాగం ఉద్దేశం.

11.2 నేపథ్యం: చదివే వెబ్, రాసే వెబ్

1989లో జెనీవా దగ్గర ఉన్న సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను ప్రతిపాదించారు. ఆయన తయారుచేసిన మొదటి బ్రౌజర్‌లో పేజీలను చదవడమే కాదు, మార్చి రాయడానికీ వీలుండేది. అంటే మొదట్లో వెబ్‌ను రాసే సాధనంగా కూడా ఊహించారు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఈ సాంకేతికతను అందరూ ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. అదే సంవత్సరం వచ్చిన మొజాయిక్ బ్రౌజర్ వెబ్‌ను సామాన్యుల దగ్గరకు చేర్చింది. కాని అది చదవడానికి మాత్రమే పనికి వచ్చేది. రాయాలంటే హెచ్‌టీఎంఎల్ తెలియాలి, పేజీలు ఉంచడానికి సర్వర్‌లో చోటు కావాలి.

ఈ లోటును తీర్చిన తొలి ప్రయత్నాల్లో జియోసిటీస్ ఒకటి. 1994లో అమెరికాలో మొదలైన ఈ సంస్థ పేజీలు పెట్టుకోవడానికి ఉచితంగా చోటు ఇచ్చింది. వాటిని విషయాన్నిబట్టి పేటలుగా విభజించింది. సినిమా ఇష్టపడేవారు ఒక పేటలో, కంప్యూటర్లు ఇష్టపడేవారు మరో పేటలో "ఇల్లు" కట్టుకొనేవారు. పక్కింటివారితో పరిచయం పెరిగేది. సామాజిక వెబ్‌కు బీజం ఇక్కడ కనిపిస్తుంది.

11.3 పక్క పనిగా పుట్టిన అనువర్తనాలు

ఈ కాలపు పేరున్న అనువర్తనాల్లో కొన్ని ముందుగా వేసుకొన్న ప్రణాళిక ప్రకారం పుట్టలేదు. డెవలపర్లు ఒక పని చేస్తూ పక్కన చేసుకొన్న చిన్న సాధనం అసలు పనిని మించిపోయింది.

బ్లాగర్: శాన్‌ఫ్రాన్సిస్కోలో పైరా ల్యాబ్స్ అనే చిన్న సంస్థ కార్యాలయ పనులను నిర్వహించే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుండేది. 1999 ఆగస్టులో అది విడుదల చేసిన బ్లాగర్‌తో హెచ్‌టీఎంఎల్ తెలియనివారు కూడా రోజువారీ రాతలు ప్రచురించగలిగారు. వినియోగదారులు పెరిగారు, ఆదాయం పెరగలేదు. సర్వర్ల కోసం వినియోగదారుల నుంచే విరాళాలు సేకరించాల్సి వచ్చింది. డబ్బు అయిపోయి ఉద్యోగులు వెళ్లిపోగా, కొంతకాలం ఇవాన్ విలియమ్స్ ఒక్కరే దాన్ని నడిపారు. 2003 ఫిబ్రవరిలో గూగుల్ కొన్నది.

ఫ్లికర్: కెనడాలోని వాంకూవర్‌లో స్టీవర్ట్ బటర్‌ఫీల్డ్, కాటెరీనా ఫేక్ స్థాపించిన లూడికార్ప్ ఒక ఆన్‌లైన్ ఆటను తయారుచేస్తుండేది. ఆట పూర్తికాకముందే నిధులు కరిగిపోయాయి. ఆ ఆట కోసం చేసిన పనిలోంచి వచ్చిన ఫొటోలు పంచుకొనే సదుపాయం 2004 ఫిబ్రవరిలో ఫ్లికర్‌గా విడుదలైంది. ఫొటోలకు ఎవరికి తోచిన పేర్లు వారు తగిలించే పద్ధతి, అంటే ట్యాగులు, దీని ద్వారా ప్రచారంలోకి వచ్చింది. అంతకుముందు 2003లో జాషువా షాక్టర్ తయారుచేసిన డెలిషస్ వెబ్ లింకులకు ఈ పద్ధతినే వాడింది. బటర్‌ఫీల్డ్ తరవాత మరో ఆట మొదలుపెట్టారు. అదీ మూతపడింది. ఆ ఆటను చేసేటప్పుడు తమలో తాము మాట్లాడుకోవడానికి వాడిన సాధనమే స్లాక్ అయింది.

ట్విటర్: ఇవాన్ విలియమ్స్ తరవాత పాలుపంచుకొన్న ఒడియో సంస్థ పాడ్‌కాస్టుల కోసం ఏర్పడింది. 2005 జూన్‌లో ఆపిల్ తన ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్టులను చేర్చడంతో ఒడియోకు దారి మూసుకుపోయింది. కొత్త ఆలోచనల కోసం వెతుకుతున్న సమయంలో జాక్ డోర్సీ ప్రతిపాదించిన చిన్న సందేశాల సేవ 2006లో ట్విటర్‌గా వెలువడింది. ఎస్ఎమ్ఎస్‌కు 160 అక్షరాల పరిమితి ఉంది. అందులో 20 పేరుకు కేటాయించి, 140 సందేశానికి మిగిల్చారు.

ట్విటర్ విషయంలో మరో అంశం గమనించండి. ఎదుటివారిని పిలవడానికి పేరు ముందు ప్రత్యేక గుర్తు పెట్టడం, ఇతరుల మాటను తిరిగి పంపడం వినియోగదారులు అలవాటు చేసిన పద్ధతులు. హ్యాష్‌ట్యాగ్‌ను 2007 ఆగస్టులో క్రిస్ మెస్సినా అనే వినియోగదారుడు ప్రతిపాదించారు. కంపెనీ వాటిని తరవాత తన అనువర్తనంలో భాగం చేసుకొన్నది. కాబట్టి వినియోగదారులు ఇచ్చింది రాతలు మాత్రమే కాదు. అనువర్తనం రూపాన్ని కూడా వారు తీర్చిదిద్దారు.

11.4 నిర్మాణ వ్యయం తగ్గడం

1990ల చివర్లో వెబ్ సంస్థ పెట్టాలంటే ఖరీదైన సర్వర్లు, డేటాబేస్ లైసెన్సులు ముందే కొనవలసి వచ్చేది. 2000లో మొదలైన డాట్‌కామ్ పతనంలో ఇలాంటి సంస్థలు అనేకం మూతపడ్డాయి. ఆ తరవాత వ్యయం తగ్గడానికి మూడు మార్పులు దోహదం చేశాయి.

మొదటిది ఉచిత సాఫ్ట్‌వేర్. లినక్స్, అపాచీ, మైఎస్‌క్యూఎల్, పీహెచ్‌పీ కలిపి వాడితే లైసెన్సు రుసుము ఉండదు. 2004లో విడుదలైన రూబీ ఆన్ రైల్స్ వంటి చట్రాలతో నెలల పని వారాల్లో పూర్తి కాసాగింది.

రెండోది అద్దె సర్వర్లు. అమెజాన్ 2006 మార్చిలో ఎస్3 అనే నిల్వ సేవను, ఆగస్టులో ఈసీ2 అనే కంప్యూటర్ల సేవను ప్రారంభించింది. గంటకు 10 సెంట్ల అద్దెతో ఒక సర్వర్ దొరికేది. అవసరం తీరాక వదిలేయవచ్చు.

మూడోది చిన్న పెట్టుబడి. 2005లో అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో పాల్ గ్రాహం, మరికొందరు కలిసి వై కాంబినేటర్‌ను స్థాపించారు. చిన్న బృందాలకు కొన్ని వేల డాలర్లు ఇచ్చి, బదులుగా స్వల్ప వాటా తీసుకొని, మూడు నెలలు సలహాలు ఇవ్వడం దీని పద్ధతి. తొలి వేసవిలో ఎంపికైన ఎనిమిది బృందాల్లో రెడిట్ ఒకటి. రెడిట్ ముందున్న సమస్య సాంకేతికమైంది కాదు. ఎవరూ లేని చోటికి ఎవరూ రారు. అందుకని స్థాపకులే రకరకాల పేర్లతో లింకులు పెట్టి జనం ఉన్నట్లు చూపించారు. అసలు జనం వచ్చాక ఆ అవసరం తీరింది.

వ్యయం ఎంత తగ్గిందో ఇన్‌స్టాగ్రామ్ ఉదాహరణతో గ్రహించవచ్చు. 2010 అక్టోబరులో మొదలైన ఈ సంస్థను 2012 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ 100 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించింది. అప్పటికి ఇన్‌స్టాగ్రామ్ ఉద్యోగులు 13 మంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1

గమనిక: మీ సమాధానాన్ని నోటుపుస్తకంలో రాసి, పై విభాగంతో సరిచూసుకోండి.
అ) ఫ్లికర్, ట్విటర్‌ల పుట్టుకలో కనిపించే పోలిక ఏమిటి?
ఆ) అద్దె సర్వర్ల వల్ల అంకుర సంస్థలకు కలిగిన ప్రయోజనం ఏమిటి?

11.5 జనం పెరిగినప్పుడు

సామాజిక అనువర్తనానికి జనమే బలం. ఆ జనమే భారం కూడా. 2002లో జోనాథన్ అబ్రామ్స్ స్థాపించిన ఫ్రెండ్‌స్టర్ ఇందుకు తొలి ఉదాహరణ. స్నేహితుల స్నేహితులను, వారి స్నేహితులను కూడా చూపడం దాని ప్రత్యేకత. ఈ లెక్కను మీరే వేసి చూడండి. ఒక్కొక్కరికి 100 మంది స్నేహితులు ఉంటే రెండో వరుసలో 10,000, మూడో వరుసలో 10 లక్షలు, నాలుగో వరుసలో 10 కోట్ల పేర్లు వస్తాయి. ఉమ్మడి స్నేహితులను తీసివేసినా సంఖ్య పెద్దదే. ఈ భారం సర్వర్లు మోయలేకపోయాయి. పేజీ తెరుచుకోవడానికి చాలాసేపు పట్టేది. అమెరికాలో వినియోగదారులు విసిగి 2003లో వచ్చిన మైస్పేస్‌కు తరలిపోయారు.

2004 ఫిబ్రవరి 4న హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఫేస్‌బుక్ ఇందుకు భిన్నమైన దారి పట్టింది. మొదట ఒక్క విశ్వవిద్యాలయం, తరవాత కొలంబియా, స్టాన్‌ఫర్డ్, యేల్, ఆపైన మరికొన్ని, ఇలా వరుసగా తలుపులు తెరిచింది. 2006 సెప్టెంబరు వరకు అందరికీ ప్రవేశం లేదు. దీనివల్ల రెండు లాభాలు కలిగాయి. జనం ఎంతమంది రాబోతున్నారో ముందే తెలిసేది కాబట్టి సర్వర్లు సిద్ధం చేసుకోగలిగింది. కొత్తగా చేరినవారికి తెలిసిన ముఖాలు వెంటనే కనిపించేవి. ఫ్రెండ్‌స్టర్, ఫేస్‌బుక్‌ల మధ్య తేడా ఆలోచనలో కన్నా, పెరుగుదలను అదుపులో ఉంచుకోవడంలో ఉందని చెప్పవచ్చు.

11.6 అమ్మకాలు, మూసివేతలు

వినియోగదారుల దగ్గర రుసుము తీసుకోకుండా అనువర్తనాన్ని ఎలా నడిపారు? చాలా సంస్థలు వెంచర్ పెట్టుబడి మీద నడిచాయి. ఈ పెట్టుబడిదారులు వడ్డీ ఆశించరు. సాధారణంగా పదేళ్లలోపు సంస్థను పెద్ద కంపెనీకి అమ్మడం ద్వారా గాని, వాటాలను మార్కెట్లో పెట్టడం ద్వారా గాని సొమ్ము తిరిగి రావాలని కోరతారు. కాబట్టి సంస్థ పుట్టిన రోజే దాని అమ్మకం కూడా ఆలోచనలో ఉంటుంది. ఈ సంగతి ఫొటో పెట్టే వినియోగదారుడికి ఎవరూ చెప్పరు.

కింది పట్టికను పరిశీలించండి.

పట్టిక 11.1: కొన్ని అనువర్తనాల గతి

జియోసిటీస్: ప్రారంభం 1994, యాహూ కొనుగోలు 1999, అమెరికాలో మూసివేత 2009.
ఫ్రెండ్‌స్టర్: ప్రారంభం 2002, మలేసియా సంస్థ కొనుగోలు 2009, పాత ఫొటోలు, సందేశాల తొలగింపు 2011.
మైస్పేస్: ప్రారంభం 2003, న్యూస్ కార్పొరేషన్ కొనుగోలు (58 కోట్ల డాలర్లు) 2005, సుమారు 3.5 కోట్ల డాలర్లకు తిరిగి అమ్మకం 2011.
డెలిషస్: ప్రారంభం 2003, యాహూ కొనుగోలు 2005, మరో సంస్థకు అమ్మకం 2011.
ఫ్లికర్: ప్రారంభం 2004; యాహూ కొనుగోలు 2005; స్మగ్‌మగ్ కొనుగోలు 2018.

ఈ పట్టికలో కొన్నవారి, అమ్మినవారి పేర్లు ఉన్నాయి. అందులో రాసుకొన్నవారి పేర్లు లేవు. జియోసిటీస్ మూతపడేముందు ఆర్కైవ్ టీమ్ అనే స్వచ్ఛంద బృందం, ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ కలిసికట్టుగా కాకపోయినా ఎవరికి వీలైనన్ని పేజీలు వారు నకలు తీసి ఉంచాయి. అందువల్ల 1990ల సామాన్యుల వెబ్ ఎలా ఉండేదో ఈనాటి పరిశోధకులు చూడగలుగుతున్నారు. మైస్పేస్‌కు అలాంటి అదృష్టం లేదు. 2015కు ముందు అందులో పెట్టిన పాటలు సర్వర్ల మార్పిడిలో పోయాయని 2019లో బయటపడింది. చిన్న బృందాలు పాడుకొన్న పాటలకు మరో ప్రతి లేనిచోట అవి శాశ్వతంగా పోయినట్లే.

నష్టం వినియోగదారులకే పరిమితం కాలేదు. ట్విటర్ తన సమాచారాన్ని ఇతర డెవలపర్లు వాడుకొనే వీలు కల్పించినప్పుడు, దాని మీద ఆధారపడి ఎన్నో చిన్న అనువర్తనాలు వెలిశాయి. ట్విటర్ పేరు పెరగడానికి అవి తోడ్పడ్డాయి. 2012 ఆగస్టులో ట్విటర్ నిబంధనలు మార్చింది. సందేశాలు చదవడానికి, పంపడానికి పనికొచ్చే కొత్త అనువర్తనం 1,00,000 మంది వినియోగదారులను దాటాలంటే కంపెనీ అనుమతి తీసుకోవాలని పరిమితి విధించింది. ఒకరి స్థలంలో ఇల్లు కట్టుకొన్నవారికి వచ్చే చిక్కే డెవలపర్లకూ వచ్చింది.

11.7 ఆర్కుట్, తెలుగు వికీపీడియా: ఒక పోలిక

ఈ చరిత్ర మనకు దూరమైంది కాదు. 2004 జనవరిలో గూగుల్ ప్రారంభించిన ఆర్కుట్‌కు అమెరికాలో కన్నా బ్రెజిల్‌లో, భారతదేశంలో ఆదరణ లభించింది. మనదేశంలో ఎంతోమందికి అదే తొలి సామాజిక అనువర్తనం. 2010 నాటికి భారతదేశంలో ఫేస్‌బుక్ దాన్ని దాటిపోయింది. 2014 సెప్టెంబరు 30న గూగుల్ దాన్ని మూసివేసింది. మూసివేతను ముందుగా ప్రకటించి, ఫొటోలు, స్క్రాపులు దింపుకోవడానికి 2016 సెప్టెంబరు వరకు గడువు ఇచ్చింది. ఇతర మూసివేతలతో పోలిస్తే ఇది మర్యాదైన పద్ధతి. అయినా గడువు సంగతి తెలియనివారు, ఖాతా రహస్యపదం మరచిపోయినవారు తమవి తిరిగి పొందలేకపోయారు.

ఆర్కుట్‌కు నెల ముందు, 2003 డిసెంబరులో, తెలుగు వికీపీడియా మొదలైంది. ఇదీ వినియోగదారుల రాతలతోనే పెరిగింది. కాని దాన్ని నడిపేది లాభాపేక్ష లేని వికీమీడియా ఫౌండేషన్. ఖర్చు విరాళాలతో గడుస్తుంది. అందులోని వ్యాసాలు స్వేచ్ఛా లైసెన్సు కింద ఉన్నాయి. మొత్తం సమాచారాన్ని ఎవరైనా దింపుకొని దాచుకోవచ్చు. రేపు ఆ సంస్థ లేకపోయినా తెలుగు వ్యాసాలు మరో చోట బతకగలవు. అయితే వికీపీడియా విజ్ఞాన సర్వస్వం. స్నేహితుల కబుర్లకు, పెళ్లి ఫొటోలకు అది చోటు కాదు. కాబట్టి ఒకటి మరొకదానికి ప్రత్యామ్నాయం అనలేము. రాసినవారికి తమ రాతల మీద ఎంత పట్టు ఉందన్న విషయంలో మాత్రం ఈ రెండూ భిన్న ధ్రువాలు.

చట్టాలు ఈ ప్రశ్నను ఆలస్యంగా అందుకొన్నాయి. 2018 మేలో అమల్లోకి వచ్చిన యూరోపియన్ యూనియన్ నిబంధనలు తమ సమాచారాన్ని ఒక సేవ నుంచి మరో సేవకు తీసుకువెళ్లే హక్కును వ్యక్తులకు ఇచ్చాయి. మనదేశంలో 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచారాన్ని సరిదిద్దించుకొనే, తొలగింపజేసుకొనే హక్కులను పేర్కొన్నది. వెంట తీసుకువెళ్లే హక్కును అందులో చేర్చలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2

అ) వెంచర్ పెట్టుబడి సంస్థ అమ్మకానికి ఎలా దారితీస్తుంది?
ఆ) కృత్యం: మీరు రోజూ వాడే ఏదైనా ఒక అనువర్తనంలో మీ సమాచారాన్ని దింపుకొనే సదుపాయం ఉందో లేదో చూడండి. ఉంటే దింపుకొని, అందులో ఏవి వచ్చాయి, ఏవి రాలేదు అన్నది పది వాక్యాల్లో రాయండి.

11.8 సారాంశం

వెబ్ మొదట రాయడానికీ చదవడానికీ ఉద్దేశించినది. రాసే అవకాశాన్ని సామాన్యులకు అందించినవి జియోసిటీస్, బ్లాగర్, ఫ్లికర్, ట్విటర్ వంటి అనువర్తనాలు. ఉచిత సాఫ్ట్‌వేర్, అద్దె సర్వర్లు, చిన్న పెట్టుబడులు వాటి నిర్మాణ వ్యయాన్ని తగ్గించాయి. జనం పెరిగాక నిర్వహణ వ్యయం పెరిగింది. రుసుము లేని సేవకు ఆ ఖర్చు భరించేవారు కావాలి కనుక అమ్మకాలు, వాటితో పాటు మూసివేతలు వచ్చాయి. విలువను సృష్టించినవారు వినియోగదారులు. దాని భవిష్యత్తును నిర్ణయించినవారు యజమానులు. ఒక అనువర్తనాన్ని అంచనా వేసేటప్పుడు అందులో ఎంతమంది చేరారని మాత్రమే కాక, వెళ్లిపోయేటప్పుడు తమవి వెంట తీసుకువెళ్లగలరా అని కూడా అడగాలి.

11.9 కీలక పదాలు

అంకుర సంస్థ: కొత్త ఆలోచనతో, తక్కువమందితో మొదలై వేగంగా పెరగడానికి ప్రయత్నించే సంస్థ, స్టార్టప్.
ట్యాగు: ఫొటోకు గాని లింకుకు గాని వినియోగదారుడు తగిలించే గుర్తింపు పదం.
వెంచర్ పెట్టుబడి: నష్టభయం ఎక్కువగా ఉన్న కొత్త సంస్థల్లో వాటా తీసుకొని పెట్టే పెట్టుబడి.
సర్వర్: పేజీలను, సమాచారాన్ని నిల్వచేసి అడిగినవారికి పంపే కంప్యూటర్.

11.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 2004-2006 మధ్య అంకుర సంస్థల పెరుగుదలకు దారితీసిన కారణాలను వివరించండి.
2. సామాజిక వెబ్ అనువర్తనాలను కట్టడం చౌకైనా నిలబెట్టడం చౌక కాలేదన్న అభిప్రాయాన్ని ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఫ్రెండ్‌స్టర్, ఫేస్‌బుక్‌ల పెరుగుదలను పోల్చండి.
2. ట్విటర్ రూపకల్పనలో వినియోగదారుల పాత్ర ఏమిటి?
3. ఆర్కుట్, తెలుగు వికీపీడియాల మధ్య భేదాలు తెలపండి.