తరుగు పోగా మిగిలేది

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిరప బస్తాలు తెచ్చిన రైతుకు తరుగు అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. తేమ అని, తాలు అని ఎంత కోస్తారోనని కాటా పక్కనే నిలబడి చూస్తుంటాడు. నగ చేయించుకున్న ఇల్లాలికీ తెలుసు. కంపెనీ ఆస్తుల విలువలోంచి ఏటేటా తీసే భాగానికి మనవాళ్లు ఆ మాట నుంచే తరుగుదల అని పేరు పెట్టుకున్నారు. భూమి, భవనాలు, యంత్రాలు, సామగ్రి కొన్న ఖర్చంతా గ్రాస్ బ్లాక్. ఇన్నేళ్లుగా పేరుకున్న తరుగుదల అందులోంచి తీసేస్తే మిగిలేది నెట్ బ్లాక్.

ఆలోచన పాతదే. రెండు వేల ఏళ్ల కిందట రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్, ఉమ్మడి గోడకు వెల కట్టేటప్పుడు అది కట్టి ఎన్నేళ్లయితే అన్ని 80వ వంతులు తగ్గించాలని రాశాడు. గోడ ఆయుష్షు 80 ఏళ్లన్న లెక్క అది. అయినా కంపెనీలు ఈ నియమానికి అంత త్వరగా లొంగలేదు. 1889లో లీ వర్సెస్ న్యూషాటెల్ ఆస్ఫాల్ట్ కేసులో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు, తరిగిపోయే ఆస్తికి బదులుగా సొమ్ము దాచకుండానే డివిడెండ్ పంచుకోవచ్చంది. మన దేశంలో తరుగుదల తీశాకే డివిడెండ్ అన్న కట్టడి కంపెనీల చట్టానికి 1960లో వచ్చిన సవరణతో స్థిరపడింది. ఇప్పుడున్న 2013 చట్టం రెండో షెడ్యూలు ఆయుష్షులు కూడా చెబుతుంది: సాధారణ యంత్రాలకు 15 ఏళ్లు, ఫ్యాక్టరీ భవనాలకు 30, కంప్యూటర్‌కు 3. సొంత భూమికి మాత్రం తరుగు లేదు.

15 ఏళ్ల ఆయుష్షున్న 10 కోట్ల రూపాయల యంత్రం అనుకుందాం. చివర్లో పాతసామానుగా 5 శాతం వస్తుందనుకుంటే, ఏటా తరిగేది దాదాపు 63 లక్షలు. పదేళ్లకు నెట్ బ్లాక్‌లో మిగిలేది 3 కోట్ల 67 లక్షలు. ఆ రోజు అమ్మితే వచ్చే ధర అదేనని చాలామంది అనుకుంటారు. కాదు. పెట్టిన ఖర్చులో ఇంకా లాభాల మీద వేయని భాగం అది, అంతే. అందుకే నేను ముందు నెట్‌ను గ్రాస్‌తో పోల్చి చూస్తాను. మూడో వంతే మిగిలిందంటే ఆ ఫ్యాక్టరీ ముసలిదైంది, కొత్త యంత్రాలకు సొమ్ము ఎక్కడిదని అడగాల్సిన సమయం వచ్చింది.

పుస్తకంలోని అంకెకూ నేల మీది విలువకూ ఎంత దూరమో వరంగల్ వాళ్లు కళ్లారా చూశారు. 1934లో నిజాం పెద్దకొడుకు ఆజం జా పేరుతో వెలసిన ఆజంజాహి మిల్లు, 1974లో జాతీయం అయి నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికొచ్చింది. తర్వాత మూతపడింది. మగ్గాలు అరిగి తుక్కయ్యాయి. మిల్లు కింది నేల మాత్రం ఊరు పెరిగినకొద్దీ పిరమైంది. 2023లో జిల్లా కలెక్టరేట్‌కు శంకుస్థాపన జరిగిందీ ఆ నేల మీదే. కొన్నప్పటి ఖర్చు మీదే నడిచే లెక్కలో నేల ధర ఎంత పెరిగినా అంకె కదలదు. తరాలుగా ఆ మగ్గాలు నడిపిన చేతుల పనితనానికైతే ఏ బ్లాక్‌లోనూ చోటు లేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

ఇప్పుడు వరంగల్ జిల్లాలోనే గీసుకొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఉంది. కొచ్చి దగ్గరి లిస్టెడ్ కంపెనీ కైటెక్స్ గార్మెంట్స్ అక్కడ అనుబంధ కంపెనీ పేరు మీద ఫ్యాక్టరీ పెట్టింది. మాతృసంస్థ విడి లెక్కల్లో ఆ గోడలూ యంత్రాలూ కనిపించవు, పెట్టుబడిగానే ఉంటాయి. చూడాల్సింది కన్సాలిడేటెడ్ లెక్క. అందులోనూ కడుతున్నంతకాలం ఖర్చు క్యాపిటల్ వర్క్ ఇన్ ప్రోగ్రెస్ కింద వేరే వరుసలో ఉంటుంది. యంత్రం పనికి సిద్ధమైన రోజున ఆస్తుల పట్టికలోకి మారుతుంది. తరుగు లెక్క మొదలయ్యేదీ ఆ రోజు నుంచే.