బెల్లపుబండికి కోర్టు వాయిదా

అనకాపల్లి బెల్లపు బజారును గూర్చి వ్రాయువారు దిమ్మల రంగును, శారదానదీతీరమందలి చెఱకుతోటలను, 1913లో నెలకొన్న చెఱకు పరిశోధనాస్థానమును సాధారణముగా వర్ణింతురు. ఆ బెల్లమును మోసితెచ్చిన బండివాడు దారిలో పోలీసు కంటబడి న్యాయస్థానమున నిలువవలసివచ్చినప్పుడు ఏమి సిద్ధపరచుకొని పోయెడివాడన్నదియు ఆ చరిత్రలోని భాగమే యని నా దృఢవిశ్వాసము.

కలకత్తా–మదరాసు రాజమార్గము ఊరి నంటిపోవుటచేతను, చోడవరము, మాడుగుల దిక్కులనుండి వచ్చు బండ్లు ఎండకు వెరచి రాత్రివేళ కదలుటచేతను, ఇరుసు క్రింద వ్రేలాడు లాంతరు బండివానికి ప్రాణరక్షయు శాసనరక్షయు నయ్యెను. కిరసనాయిలు మధ్యదారిలో హరించినను, చిమ్నీ పగిలినను, తోలువాడు కునుకుచుండ ఎద్దులు తమంత నడచుచుండినను, చీకటిబండి నేరమునకు గురియగుచుండెడిది. దారికడ్డముగ బండి విడిచినవానిపై 1889వ సంవత్సరపు మదరాసు టౌను న్యూసెన్సు చట్టము ప్రయోగింపబడెడిది. నేటికిని చిన్నకేసును మనవారు ‘న్యూసెన్సు కేసు’ అనుచునే యున్నారు.

ఇట్టి స్వల్పనేరములను క్లుప్తముగ విచారించు అధికారమును 1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు గౌరవ మేజిస్ట్రేటుల బెంచీలకును కల్పించెను. వాయిదానాటి బండివాని సన్నాహము: మడతలు నలిగిన సమను కాగితము, పంచె చెంగున ముడివేసిన రూపాయలు, ఎద్దులకు మోపెడు గడ్డి, గానుగకడ తనకు బదులుగ నిలుపుకొన్న మనిషి. బంట్రోతు మూడుసార్లు పేరు పిలుచు ఆ క్షణమునకై అతడు ప్రొద్దుటినుండి అరుగుపై చెవి యొగ్గి కూర్చుండవలెను. పిలుపు వినబడకున్న వారంటు భయము. నేరము ఒప్పుకొనుట నిమిషములో ముగియును. జరిమానా స్వల్పమే, పోయిన దినము మాత్రము గానుగ ఆడు ఋతువులో బహుభారము.

మోటారుబండ్లు వచ్చినపిదప 1914లో నొక చట్టమును, 1939లో సమగ్రమైన వేరొకటియు వెలువడెను. ఈ రెండవదానిలోని 130వ సెక్షను నాకు మిక్కిలి గౌరవపాత్రముగ దోచును. ఏలయన, స్వల్పనేరములందు ముద్దాయి తాను రాక ప్లీడరును పంపవచ్చుననియు, లేదా రిజిస్టరు జాబుమూలమున నేర మంగీకరించి నిర్ణీతద్రవ్యమును పంపవచ్చుననియు సమనుపైననే వ్రాయవలెనని అది విధించి, శ్రమజీవి దినమునకు విలువ గట్టెను. అయినను చదువురాని డ్రైవరునకు ఆ వాక్యము ఉన్నను లేనట్లే. అతడు బండి యాపి కోర్టుకు నడచెను.

1988 చట్టపు 208వ సెక్షను ఆ సదుపాయమును నిలుపుకొన్నది. సామాన్య నియమోల్లంఘనకు 177వ సెక్షను తొలితప్పునకు 100 రూపాయలవరకు జరిమానా విధింపగా, 2019 సవరణ దానిని 500 చేసెను. 1987 నాటి న్యాయసేవాధికార చట్టము 1995లో అమలునకు వచ్చుటతో లోక్ అదాలత్తులకు చట్టప్రతిపత్తి గలిగి, రాజీకి వీలున్న చిన్నకేసులకు మరియొక ద్వారము తెరువబడెను.

నేడు చలానా సెల్‌ఫోనునకే వచ్చుచున్నది. కట్టుటకు ముందు ఛాయాచిత్రములోని బండి నెంబరును, స్థలమును, కాలమును సరిచూచుకొనుట, లైసెన్సును, ఆర్.సి.ని, బీమాపత్రమును దగ్గర నుంచుకొనుట, తప్పు తనది కానిచో కోర్టులో వాదించుటకు తనకు హక్కున్నదని యెరుగుట — ఇవి ఆటోతోలువానికి పూర్వపు లాంతరంత యావశ్యకములు. ఆ హక్కును తేటతెలుగులో, పెద్దయక్షరములతో, చలానా మొదటి పంక్తిలోనే ముద్రింపవలెనని నేను కోరుచున్నాను.