ఒక వ్యాసం, ఎన్నో శాస్త్రాలు

గణాంకశాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో కన్నడ దేశంలోని హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. అప్పటి కృష్ణా జిల్లాలోని నూజివీడు, నందిగామల్లో కొంతకాలం చదివారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పూర్తిచేసి, 1941లో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరారు.

ఒకసారి పాఠం చెబుతుండగా వి.ఎం.దండేకర్ అనే విద్యార్థి ఒక ప్రశ్న వేశాడు: గణాంకశాస్త్రవేత్త ఫిషర్ చెప్పిన, అంచనాల కచ్చితత్వానికి సంబంధించిన సూత్రం పెద్ద నమూనాలకు సరే, చిన్నవాటి మాటేమిటి? రావు ఆ రాత్రే జవాబు సాధించారు. ఆ జవాబుతో 1945లో కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో అచ్చయిన వ్యాసం పట్టుమని పన్నెండు పేజీలు లేదు. క్రామర్-రావు అవధి (నిష్పాక్షిక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే హద్దు), రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం (అంచనాను మెరుగుపరిచే పద్ధతి), సమాచార జ్యామితికి (సంభావ్యతా నమూనాలను జ్యామితితో చదివే శాస్త్రానికి) బీజం, మూడూ అందులోనే ఉన్నాయి. రాడార్ ఇంజనీర్లూ క్వాంటం భౌతికులూ నేటికీ ఆ అవధినే కొలబద్దగా వాడతారు.

1946లో కేంబ్రిడ్జి వెళ్లి, సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన పురాతన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించారు. ఆ పని 1955లో పుస్తకంగా వచ్చింది. ఆయన 1947 నాటి లంబ వ్యూహాలు (ప్రయోగాలను పొదుపుగా అమర్చే పట్టికలు) కర్మాగారాల ప్రయోగాలకూ సంకేత సిద్ధాంతానికీ పనికొచ్చాయి. పరికల్పనలను పరీక్షించే ఆయన 1948 నాటి స్కోర్ పరీక్షను అర్థశాస్త్రజ్ఞులు లగ్రాంజ్ గుణక పరీక్ష అంటారు.

అయితే ఇతరుల వ్యాసాల్లోని ఉల్లేఖనల లెక్క ఆయన ప్రభావాన్ని పూర్తిగా పట్టలేదు. ఎందుకంటే పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన సూత్రాన్ని మూలవ్యాసం పేర్కొనకుండానే వాడేస్తారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, రావుకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి దక్కింది. ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు.