దండు నుండి ఇంటికి

యుద్ధచరిత్రలు సిపాయి ఓడనెక్కిన దినమును వ్రాయును; అతడు మరల తన గడప త్రొక్కిన దినమును వ్రాయవు. సంధిపత్రముతో చరిత్రకారుని పని ముగియును, ఇల్లాలి పని అప్పుడు మొదలగును. తెలుగునాట వెలుపల నున్న మన కుటుంబములలో కొన్ని దండు వెంట వచ్చి స్థిరపడినవే కనుక, ఈ వ్రాయని కథను ఇచట కొంత స్మరింపదలచితిమి.

ఈస్టిండియా కంపెనీవారి మదరాసు సైన్యములో తమిళులతోపాటు తెలుగువారును పెక్కుమంది యుండిరి. ఆ సైన్యమున నొక యాచారము కలదు. సిపాయి భార్యాబిడ్డలు పటాలము వెంట నడచి, లైన్లలోనే కాపురముండెడివారు. 1809లో ఏర్పడిన బెంగుళూరు దండును, 1821లో నాగపురము చెంత వెలసిన కాంప్టీ దండును ఇట్టి కాపురములను ఎరిగినవి. పటాలము కదలినచో కాపురమును కదలెడిది.

సముద్రము దాటవలసి వచ్చినపుడు మాత్రము ఈ ఏర్పాటు చెడెడిది. 1824 మే నెలలో రంగూనులో దిగిన సేనలో మదరాసు పటాలములు అనేకము. 1826 ఫిబ్రవరిలో యాందబో సంధి కుదురు లోపల, శత్రువు చేత చచ్చినవారికంటె రోగముల చేత చచ్చినవారే ఎక్కువ. సిపాయి తన జీతములో కొంత భాగము ఇంటివారికి ముట్టునట్లు ఏర్పరచి వెళ్లెడివాడు. ఆ రూకలతో అప్పులు సర్ది, పిల్లలను పెంచి, ఇల్లు నిలిపినది ఆడుది. అతడు తిరిగివచ్చునప్పటికి ఇల్లు అదియే. ఇంటి పెత్తనము మాత్రము చేయి మారియుండెను.

రెండవ ప్రపంచయుద్ధములో భారతసైన్యము దాదాపు 25 లక్షలకు పెరిగెను. ఈసారి ఆలుబిడ్డలు చాలవరకు ఊళ్లలోనే నిలిచిపోయిరి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోగా, వేలకొలది భారతసైనికులు జపానువారికి చిక్కిరి. అట్టివారి ఇండ్లలో పెక్కింటికి చాలకాలము జాబు లేదు, కబురు లేదు. పసుపుకుంకుమలు నిలిచినవో లేవో తెలియని దినములవి. 1945 ఆగస్టులో జపాను లొంగిన పిమ్మట బ్రతికినవారు ఇండ్లకు మరలిరి.

మరలినవానికి ఎదురైన దేమి? తాను వెళ్లునాటికి తల్లి గర్భమందున్న బిడ్డ, ఈ క్రొత్తమనిషి యెవరని తల్లి కొంగుచాటున దాగును. ఇన్నాళ్లు తానే తీర్పరియై పొలము, పుట్ర చూచుకొన్న యిల్లాలు, నేడు ప్రతిదానికి అడిగి చేయవలెనా అని లోలోపల తర్కించుకొనును. అతడో, బూరధ్వనికి లేచుటకు అలవాటుపడి, ఇంటి నెమ్మదికి ఓర్వలేడు. సైన్యము కుదింపబడగా నెలనెలా వచ్చు మనియార్డరును నిలిచెను. మనిషి వచ్చెను, రాబడి పోయెను.

ఇచటనే పాత లైన్ల కాపురము విలువ తెలియవచ్చును. పశ్చిమగోదావరిలో మిలిటరీ మాధవరమని పేరొందిన ఊరిలోను, 1780లో పుట్టిన మదరాసు సాపర్లకు నేటికిని కేంద్రమైన బెంగుళూరులోను, తిరిగివచ్చినవాని మౌనమును అర్థము చేసికొనగల పొరుగువారుండిరి. అతని భార్య కష్టమును చెప్పకయే ఎరిగిన ఆడువారుండిరి. ఊరికి తానొక్కడే సిపాయియైన వానికి ఆ భాగ్యము లేదు. ఇంటికి చేరుట యొక్కని పని కాదనియు, అది ఇరుగుపొరుగుల సాయము కోరుననియు మేము తలచెదము.

నేటి జవాను సరిహద్దునుండియే ఫోనులో బిడ్డ ముఖము చూడగలడు. అయినను సెలవుపై వచ్చిన మొదటి వారము, ఆ బిడ్డకు అతడు అతిథియే. అతనికిని, ఆమెకును కొంత వ్యవధి నిచ్చుట పెద్దల ధర్మము.

మన పెట్టెలలో తాతల పతకములు, డిశ్చార్జి కాగితములు భద్రముగా నున్నవి. అవ్వలు మోసిన బరువునకు పతకము లేదు, కాగితము లేదు. వారి మాటలు విన్న కూతుండ్రు, కోడండ్రు ఇంకను మన మధ్య నున్నారు. వారిని అడిగి వ్రాసికొనుడు. ఆ నాలుగు పుటలు చేరనిదే మన ప్రవాస చరిత్ర పూర్తి కానేరదు.