పెట్టి మరిచిపోయిన వెబ్ సర్వరు

"సర్వరు ఎక్కడో ఉంటే ఊళ్ళో కూచుని ఎలా ఆన్ చేస్తావు?" అని మా దుర్గి వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు. జవాబు చిన్నదే. సర్వరు మదర్‌బోర్డు మీద బీఎంసీ అనే ఇంకో బుల్లి కంప్యూటరు ఉంటుంది. అసలు సర్వరు ఆపేసినా, కరెంటు ఉన్నంతసేపూ ఇది మేలుకునే ఉంటుంది. లోపలి వేడి చూడాలన్నా, పవర్ బటన్ నొక్కాలన్నా దీంతోనే పని. 1998లో ఇంటెల్, హెచ్‌పీ, డెల్, ఎన్ఈసీ కలిసి దీనికోసం ఐపీఎంఐ అనే ప్రమాణం తెచ్చాయి. తర్వాత బ్రౌజర్లోంచే అన్నీ చూసుకునేలా అందులో ఒక వెబ్ సర్వరు కూడా చేరింది.

ఈ కథ ఆ వెబ్ సర్వరుదే. ఏఎంఐ కంపెనీ తన మెగార్యాక్ బీఎంసీలో లైట్‌టీపీడీ అనే ఓపెన్ సోర్సు సర్వరు పెట్టుకుంది. 2003లో యాన్ క్నెష్కే మొదలుపెట్టిన ఈ సర్వరు తక్కువ మెమరీతోనే పని లాగించేస్తుంది. ఎంపికలో తప్పేం లేదు.

2018లో లైట్‌టీపీడీ వాళ్ళు 1.4.51 వెర్షన్లో ఒక లోపం సరిచేశారు. హెడర్‌ను మడతపెట్టి రెండు వరుసల్లో పంపితే చదవకూడని మెమరీ బయటపడే లోపమది. సరిచేశారు గానీ దానికి సీవీఈ నంబరు తీసుకోలేదు. చిక్కంతా ఇక్కడే వచ్చింది. చాలా కంపెనీలు ఆ నంబర్ల జాబితా చూసే ప్యాచులు వేస్తాయి. నంబరు లేని రిపేరు ఎవరి కంటా పడదు!

2024 ఏప్రిల్లో బైనర్లీ అనే సంస్థ ఇంటెల్, లెనోవో సర్వర్లలో అదే పాత లోపాన్ని బయటపెట్టింది. ఆ మోడళ్ళకు సపోర్టు అయిపోయింది, ఇక ప్యాచు రాదన్నాయి రెండు కంపెనీలూ. నంబరు మాత్రం ఆ ఏడాదే వచ్చింది: సీవీఈ-2018-25103. పేరులో 2018, పుట్టింది 2024లో!

పాత గుళ్ళలో అఖండదీపానికి ఎవరేమిచ్చారో రాతిమీద చెక్కించేవారు. దాత గొప్ప కోసమే కాదు, తర్వాత వచ్చేవాళ్ళు ఆ దీపం ఆరనివ్వకూడదని కూడా. రిపేరు చేసినవాడు పదిమందికీ కనబడేలా రాసిపెట్టకపోతే అది సగం రిపేరే అని నా అభిప్రాయం.

మీరు సర్వర్లు చూసేవారైతే బీఎంసీ పోర్టును ఇంటర్నెట్‌కు వదలకండి, విడి నెట్‌వర్కులో పెట్టండి. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డ్ మార్చండి. ఏ పెట్టెలో ఏ ఫర్మ్‌వేర్ ఉందో, దాని సపోర్టు ఎప్పుడైపోతుందో ఒకచోట రాసుకోండి. ఆ తేదీ దాటిన పెట్టె బాగా నడుస్తున్నా సరే, మార్చే వరసలో ముందు దాన్నే పెట్టండి.