చవక సైకిలు పూర్వోత్తరాలు

ఆన్‌లైన్‌లో కొన్న సైకిలు అట్టపెట్టెలో వచ్చింది. ఎనభై ఐదు శాతం బిగించి పంపుతాం, మిగతాది మీరు బిగించుకోవాలి అని ముందే రాశారు లెండి. ఇంజనీరింగ్ చదివినవాడికి పదిహేను శాతం ఒక లెక్కా అనుకుని, ఆదివారం పొద్దున్నే స్పానర్లు ముందేసుకుని కూర్చున్నా. మధ్యాహ్నానికి సైకిలు ఆకారం అయితే వచ్చింది గానీ, తొక్కబోతే కాలి బొటనవేలు ముందు చక్రానికి తగులుతోంది. చేసేది లేక, నడిపించుకుంటూ బోరబండలో మా సందు చివరున్న సైకిల్ షాపుకి పట్టుకెళ్ళా. షాపు చాచాకి డెబ్భై ఏళ్ళు పైనే ఉంటాయి. ఒక్క చూపు చూసి, "ఫోర్కు ఉల్టా బిగించినవ్ బేటా" అన్నాడు. పరువు పోయింది :)

ఫోర్కు తిప్పి బిగిస్తూ ఇంకో ప్రశ్న వేశాడు. "ఇదేం సైకిల్? హ్యాండిల్ చూస్తే రేసుది, టైర్లు చూస్తే పొలంల నడిచేటియి. రేసుకా, పొలానికా?"

"దీన్ని సైక్లోక్రాస్ అంటారు చాచా" అన్నా. అంతకు మించి నాకూ తెలీదు. పందొమ్మిది వేల చిల్లరకి వంపు హ్యాండిలు, డిస్కు బ్రేకులు, గరుకు టైర్లు వస్తున్నాయని కొన్నానే తప్ప ఆ పేరు సంగతేమిటో చూడలేదు. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాక తెలిసింది, చాచా అడిగినదానికి రెండు జవాబులూ కరెక్టేనని.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులో రోడ్డు రేసులు చేసేవాళ్ళు, చలికాలంలో ఒళ్ళు బిగుసుకుపోకుండా ఒక పని చేసేవాళ్ళు. రోడ్డు వదిలేసి, పొలాలకి అడ్డంపడి పక్క ఊరికి పోయేవాళ్ళు. కంచె అడ్డొస్తే దిగడం, సైకిల్ని భుజానేసుకుని దాటడం, మళ్ళీ ఎక్కడం. దీన్ని ఒక పద్ధతిలో పెట్టింది దానియెల్ గూసో అనే ఫ్రెంచి సైనికుడని చెబుతారు. 1902లో ఆ దేశంలో మొదటి జాతీయ పోటీ జరిగింది. 1910లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన ఆక్టావ్ లాపీజ్, తన గెలుపుకి చలికాలపు ఈ బురద తొక్కుడే కారణమని చెప్పుకున్నాడు. ఇక చూస్కోండి, అందరూ దీని మీద పడ్డారు. 1950లో పారిస్‌లో మొదటి ప్రపంచ పోటీ జరిగింది, జాన్ రోబిక్ గెలిచాడు.

ఆ పని నుంచే సైకిలు ఆకారమూ వచ్చింది. టైరుకీ ఫ్రేముకీ మధ్య బురద ఇరుక్కోకుండా ఖాళీ ఎక్కువ. భుజానికెత్తుకోవాలి గనక పై గొట్టం కింద అడ్డంకులు లేకుండా చూస్తారు. పోటీల్లో టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదు. డిస్కు బ్రేకులకి పోటీల్లో అనుమతి 2010లో వచ్చింది. నా చవక సైకిలుకి ఆకారం ఇదే, మిగతావన్నీ తక్కువ రకం. బరువు పదమూడు కిలోలు, భుజానేసుకుంటే వంద అడుగులకే ఆయాసం.

ఇదంతా ఫోన్లో నాన్నకి వివరంగా చెప్పా. ఓపిగ్గా విని, "మరి స్టాండు ఉందా?" అని అడిగారు. లేదన్నా. "క్యారియరు?" లేదు. "మడ్‌గార్డులు?" లేవు. "బెల్లు?" అదీ లేదు. "మరి పందొమ్మిది వేలు దేనికి పెట్టినవ్ రా?"

నాన్న ప్రశ్నలో న్యాయం ఉంది. ఆయన ఊళ్ళో పాలకేంద్రంలో గుమాస్తాగా చేరిన కొత్తలో, ఒక నెల జీతం మొత్తం పెట్టి నల్ల హెర్క్యులెస్ కొన్నారు. మా ఊరికీ మండల కేంద్రానికీ మధ్య ఒక వాగు. వానాకాలం మోకాల్లోతు నీళ్ళొస్తే పంచె ఎగ్గట్టి, సైకిల్ని భుజాన వేసుకుని దాటి, అవతల ఒడ్డున చైను తుడిచి మళ్ళీ ఎక్కేవారు. ఇరవై కిలోల పైచిలుకు బరువుతో! దానికి ఎవరూ పతకం ఇవ్వలేదు, పేరూ పెట్టలేదు. మన దగ్గర దాని పేరు "పనికి పోవడం", అంతే.

ఆ నల్ల సైకిలు కూడా మనది కాదు లెండి, మొదట్లో. ఇంగ్లండులో రాలీ, హెర్క్యులెస్, బీఎస్‌ఏ లాంటి కంపెనీల నుంచి ఓడల్లో వచ్చేది. 1930ల్లో జపాను వాళ్ళు అంతకంటే చాలా తక్కువ ధరకి సైకిళ్ళు దింపారు. అంటే విదేశం నుంచి వచ్చే చవక సైకిలు మనకి తొంభై ఏళ్ళ పాత కథ, ఆన్‌లైన్‌తో కొత్తగా మొదలైంది కాదు. రెండో ప్రపంచ యుద్ధంతో ఆ దిగుమతులు దెబ్బతిన్నాయి. స్వాతంత్ర్యం వచ్చాక దిగుమతులకి అడ్డుకట్ట వేసి ఇక్కడే తయారు చెయ్యమన్నారు. 1949లో మద్రాసు పక్క అంబత్తూరు టీఐ సైకిల్స్, 1950ల మొదట్లో ఆసన్‌సోల్‌లో సేన్ రాలీ, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూథియానాలో హీరో. ఈ హీరోని పెట్టిన ముంజాల్ అన్నదమ్ములు మొదట సైకిళ్ళు కాదు, విడిభాగాల వ్యాపారం చేసేవాళ్ళు. 1986 నాటికి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ సైకిళ్ళు తయారుచేసే కంపెనీగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు.

ఇక్కడ నాకు ఆశ్చర్యమేసిన సంగతి ఒకటుంది. ఇన్ని కంపెనీలు వచ్చినా డిజైను దాదాపు మారలేదు. అదే నల్లరంగు, అవే రాడ్ బ్రేకులు, అదే 28 అంగుళాల చక్రం. పోటీ లేని చోట కంపెనీలకి మార్చాల్సిన అవసరం లేకపోయింది, అది నిజం. ఇంగ్లండువాడు వదిలేసిన బ్రేకుల్ని మనవాళ్ళు పట్టుకుని వేలాడారు, అదీ నిజం. వానలో అవి పట్టవు, తొక్కినవాళ్ళని అడగండి. కానీ దీనికి రెండో వైపు కూడా ఉంది. అట్లాస్ టైరు హీరోకి పట్టేది. హెర్క్యులెస్ పెడలు విరిగితే లూథియానాలో పేరు లేని వర్క్‌షాపులో చేసిన పెడలు సరిపోయేది. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఏ ఊళ్ళో పంచరైనా ఆ ఊరి మిస్త్రీ దగ్గర సామాను ఉండేది. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఓపెన్ స్టాండర్డ్ అన్నమాట, ఎవరూ కమిటీ వేసి రాయకపోయినా.

పుచ్చలపల్లి సుందరయ్య గారు 1950ల్లో రాజ్యసభ సభ్యుడిగా ఉన్నప్పుడు ఢిల్లీలో పార్లమెంటుకి సైకిలు మీదే వెళ్ళేవారని మనం అందరం విన్నదే. ఆ నిరాడంబరత గురించి చాలామంది రాశారు. నాకు మాత్రం ఇంకోటి తోస్తుంది. ఆయన తొక్కిన సైకిలు లాంటిదే గుంటూరు జిల్లా రైతుకూలీ కూడా తొక్కేవాడు. పంచరైతే ఇద్దరికీ ఒకే మిస్త్రీ, ఒకటే ఖర్చు.

ఇప్పుడు నా సైకిలు సంగతి చూద్దాం. పాత 28 అంగుళాల టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు. నా సైకిలుది 700సి అనే కొలత, 622 మిల్లీమీటర్లు. తేడా పదమూడు మిల్లీమీటర్లే గానీ ఆ టైరు దీనికి పట్టదు. పాత ట్యూబుకి సన్న రబ్బరు గొట్టం తొడిగే వాల్వు ఉండేది, రూపాయితో బాగయ్యేది. నాది ప్రెస్టా అనే సన్న వాల్వు, చాచా పంపు దాన్ని పట్టుకోదు. గాలి కొట్టడానికి కూడా ఆన్‌లైన్‌లో ఒక ఇత్తడి ముక్క తెప్పించుకోవాల్సి వచ్చింది. 2017లో సైకిళ్ళ మీద 12 శాతం జీఎస్టీ వేశారు, 2025 సెప్టెంబరులో 5కి దించారు. మంచిదే. కానీ పన్ను ఎంత తగ్గించినా పంపు వాల్వుకి పట్టదుగా!

చాచా మాటల్లో బోరబండ చరిత్ర కూడా ఇదే. పక్కన సనత్‌నగర్‌లో 1942లో పెట్టిన ఆల్విన్, దాని చుట్టూ వచ్చిన ఇతర ఫ్యాక్టరీలు నడిచిన రోజుల్లో షిఫ్టు మారే టైముకి షాపు ముందు వరుసగా నల్ల సైకిళ్ళు నిలబడేవట. తర్వాత ఫ్యాక్టరీలు ఒక్కోటీ మూతపడ్డాయి, బేరం అవతలి వైపుకి మళ్ళింది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ మొదలైంది, 2003లో ఎంఎంటీఎస్ వచ్చి బోరబండ తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ అయ్యింది. పర్వత్‌నగర్ మీదుగా, అయ్యప్ప సొసైటీ దాటి ఆ మేడలు కట్టడానికి సైకిలెక్కి పోయిన మేస్త్రీలు, కూలీలు చాచా దగ్గరే గాలి కొట్టించుకున్నారు. దేశం మొత్తం లెక్క చూస్తే 2001లో వందలో 44 ఇళ్ళకి సైకిలుంది, 2011లో 45. అదే పదేళ్ళలో మోటారు బండ్లున్న ఇళ్ళు 12 నుంచి 21కి పెరిగాయి. సైకిలు పోలేదు. దాని మీద ఉన్నవాళ్ళు మన కంటికి ఆనడం మానేశారు.

మా ఆఫీసులో నా సైకిలు చూసి నలుగురు చుట్టూ చేరి ఫొటోలు తీసుకున్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ కూడా సైకిలు మీదే వస్తాడు, దాన్ని వెనకాల జనరేటర్ పక్కన, కనబడకుండా పెట్టాలని రూలు. నాది మాత్రం ముందు పెట్టుకోవచ్చట. రెండిటికీ చక్రాలు రెండే. నాకు ఆ రోజు సిగ్గేసింది, కానీ ఏం అనలేదు, ఇప్పుడు రాస్తున్నానంతే.

2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు, నెత్తి మీద సోలార్ పలకల కప్పుతో. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడెమీ దాకా ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఒకటి. వెళ్ళి తొక్కాను, ఎండ లేకుండా హాయిగా ఉంది, కాదనను. కానీ బోరబండ నుంచి అక్కడికి పది కిలోమీటర్ల పైమాటే, ఆ పది కిలోమీటర్లు బస్సులూ ట్యాంకర్ల మధ్యే. కారు వెనక సైకిల్ కట్టుకుని వచ్చేవాళ్ళకి ఇబ్బంది లేదు. పనికి పోయేవాడి దారి వేరు.

సరే, అసలు కథకొస్తా. మొన్న వానల్లో పర్వత్‌నగర్ దగ్గర ఒక గుంతలో పడ్డా. నాకేం కాలేదు గానీ గేర్లు మార్చే డీరైలరు ఫ్రేముకి వేలాడే చిన్న అల్యూమినియం ముక్క, హ్యాంగరు, పుటుక్కున విరిగింది. ఫ్రేము పోకుండా అది ముందు విరగాలనే అలా చేస్తారు. అమ్మినవాళ్ళకి మెయిలు పెడితే, ఆ ముక్క విడిగా లేదు, సైకిలు మొత్తం పెట్టెలో పెట్టి వెనక్కి పంపితే మూడు వారాల్లో చూస్తామన్నారు. ఆ పెట్టె ఎప్పుడో పాత పేపర్లవాడికి వేశా.

ఇలాంటి కథే 1913లో టూర్ ద ఫ్రాన్స్‌లో జరిగింది. యూజీన్ క్రిస్తోఫ్, అంతకు ముందు చాలాసార్లు ఫ్రాన్సు సైక్లోక్రాస్ ఛాంపియన్, టూర్మలే కొండ దిగుతుంటే ఫోర్కు విరిగింది. రేసు నియమాల ప్రకారం ఎవరి సాయమూ తీసుకోకూడదు. విరిగిన సైకిల్ని మోసుకుంటూ పది కిలోమీటర్ల పైన నడిచి, కింద ఊళ్ళో కమ్మరి కొలిమి దగ్గర తనే ఇనుము కాల్చి ఫోర్కు అతుక్కున్నాడు. అధికారులు పక్కనే నిలబడి చూశారు. కొలిమి తిత్తి ఊదడానికి ఒక పిల్లాడు సాయం చేశాడని, అదీ నేరమేనని, అదనంగా పది నిమిషాల జరిమానా వేశారు! తర్వాత మూడుకి తగ్గించారనుకోండి. గంటలకొద్దీ పోగొట్టుకుని, చివరికి ఏడో స్థానంలో నిలిచాడు.

ఈ కథ చెప్పినవాళ్ళందరూ క్రిస్తోఫ్ పట్టుదలని మెచ్చుకుంటారు. నేను మాత్రం ఆ కొండకింది ఊళ్ళో కొలిమి లేకపోతే ఏమయ్యేదని ఆలోచిస్తున్నా. నేనూ విరిగిన సైకిలు భుజానేసుకుని (మొదటిసారి సైక్లోక్రాస్ పేరు నిలబెట్టా) చాచా దగ్గరికే పోయా. విరిగిన ముక్కలు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుని, పక్కనున్న వెల్డింగ్ షాపులో ఇనుప పట్టీ కోయించి, ఆకురాయితో గంటసేపు అరగదీసి, లేతు షాపులో మర వేయించి బిగించాడు. మొత్తం రెండు వందల యాభై. ఇంజనీరుగా ఒక మాట చెప్పాలి: ఇనుము గనక ఈసారి పడితే ముక్క విరగదు, ఫ్రేమే వంగుతుంది. ఆ మాట చాచాకీ చెప్పా. "అయితే పడకు" అన్నాడు.

డబ్బులిచ్చి, "మీ తర్వాత షాపు ఎవరు చూస్తారు చాచా?" అని అడిగా. "కొడుకు క్యాబ్ నడుపుతడు. ఇది నాతోనే ఖతం" అన్నాడు, ఏదో మామూలు విషయం చెప్పినట్టు. నాన్న హెర్క్యులెస్ ముప్ఫై ఏళ్ళు నడిచిందంటే కంపెనీ గొప్పతనం కొంతే, మిగతాది ఇలాంటి షాపులది. పందొమ్మిది వేలు చవకో కాదో లెక్కవేసినప్పుడు, ఆ లెక్కలో చాచాని నేను వెయ్యలేదు. అమ్మినవాళ్ళ లెక్కలో అయితే ఆయన అసలు లేడు.

బయల్దేరబోతుంటే విరిగిన పాత ముక్కలు తనకే ఇచ్చి పొమ్మన్నాడు. ఎందుకంటే, మా పక్క సందులో ఇద్దరు పిల్లలు ఇలాంటి సైకిళ్ళే కొన్నారట. "వాళ్ళూ పడ్తరు కదా, నమూనా ఉండాలె" అని వాటిని మేకుకి వేలాడదీశాడు.